క్యాంపు పిల్ల

2024 ఆగస్టు 11, ఆదివారం పొద్దున టీవీ పెట్టగానే తుంగభద్ర డ్యాం కనిపించింది. ముందురోజు రాత్రి 19వ గేటు గొలుసు తెగి, గేటు గేటంతా కొట్టుకుపోయింది. డ్యాం నిండుకుండలా ఉన్న సమయం. ఆ ఒక్క సందులోంచి నీళ్ళు బుసలు కొడుతూ దూకుతుంటే, మిగతా వాటి మీద బరువు తగ్గించడానికి అన్ని గేట్లూ ఎత్తేశారు. యాంకరమ్మ అనంతపురం, కర్నూలు, కడప రైతుల గురించి గబగబా చెప్పుకుపోతోంది. నాకు మాత్రం ఎడమ కాలువ గుర్తొచ్చింది. ఆ కాలువ కింద, గంగావతి అవతల ఓ క్యాంపులో ఉండే నా స్నేహితురాలు గుర్తొచ్చింది.

మేమిద్దరం ఒకరి గొంతు ఒకరం విని చాలా ఏళ్ళయింది. పెళ్ళిళ్ళయిన కొత్తలో ఇన్‌లాండ్ లెటర్లు రాసుకున్నాం. పిల్లలు పుట్టాక అవీ ఆగిపోయాయి. ఇంటర్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తన నంబరు ఉండేది, పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ నడిచేది కాదు. ఆ పొద్దున ఇంక ఆగలేక ఫోన్ చేశాను. రెండో రింగుకే ఎత్తింది.

"ఏమే, చూశావా?" అంది. ఎలా ఉన్నావని కూడా అడగలేదు. "నాట్లు పడిపోయినియ్యే. నాన్న రాత్రంతా పడుకోలా. అరుగు మీదే కూర్చున్నాడు."

ఆ వారమంతా రోజూ మాట్లాడుకున్నాం. రిటైరైన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారు వచ్చారనీ, డ్యాం ఖాళీ అయ్యేదాకా ఆగకుండా నీళ్ళు పారుతుండగానే స్టాప్ లాగ్‌లు దించుతానంటున్నారనీ తనే చెప్పింది. మన తెలుగాయన అని చెప్పడంలో తనకెంత గర్వమో. ఇనుప పలకల్ని క్రేన్లతో ఎత్తి, ఆ ప్రవాహంలోకి ఒకదాని మీద ఒకటి దించడమంటే మాటలా! 16న మొదటి పలక కూర్చుంది. 17కల్లా సందు మూసుకుంది. డ్యాంలో నీళ్ళు సగానికి బాగా పైనే మిగిలాయి. "నిలబడినియ్యే నీళ్ళు!" అని అరిచింది ఫోన్లో. వెనకాల ఎవరో విజిల్ వేస్తున్నారు. ఆ తర్వాత వానలు కరుణించి సెప్టెంబరుకల్లా డ్యాం మళ్ళీ నిండింది.

"సంక్రాంతికి ముందు రా" అంది ఆఖరికి. "నేరుగా ఇంటికి కాదు. ముందు సాణాపుర వచ్చి నా కేఫ్ చూడు."

కేఫా! నేను మరిచిపోని మనిషి వేరు. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో, ఇనప మంచాల వరుసలో చివరి మంచం మీద, తెల్లవారుజామున గంట కొట్టకముందే లేచి ఫిజిక్సు లెక్కలు చేసుకునే సన్నటి పిల్ల.

1996లో విజయవాడలో ఇంటర్‌లో చేరాం. నాది గుడివాడ దగ్గర పల్లె. తనది ఎక్కడో కర్ణాటకలో "క్యాంపు" అంది. మిలిటరీ వాళ్ళమ్మాయేమో అనుకున్నాం. కాదట. వాళ్ళ తాతగారిది కైకలూరు వైపే. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి వందల కుటుంబాలు గంగావతి, కారటగి, సింధనూరు వైపు వెళ్ళి భూములు కొనుక్కున్నాయి. పాకలు వేసుకుని ఉన్న చోటికి క్యాంపు అని పేరు పడింది. పాకలు డాబాలయ్యాయి, గుళ్ళు లేచాయి, బడులొచ్చాయి, పేరు మాత్రం అట్లాగే ఉంది. అక్కడి పిల్లలు కన్నడ బడిలో చదివి, ఇంటర్‌కు "మన వైపు" హాస్టళ్ళకు వచ్చేవాళ్ళు.

మన వైపు వచ్చిన ఆ పిల్లను మేము "క్యాంపు" అనే పిలిచాం. పేరుతో పిలిచింది తక్కువ. అన్నం వడ్డించేటప్పుడు "సాకు, సాకు" అని చెయ్యి అడ్డం పెడితే హాలంతా నవ్వేది. కన్నడలో చాలు అని. తను నవ్వేది కాదు, ఏడ్చేదీ కాదు. ప్లేటు తీసుకుని వచ్చి నా పక్కన కూర్చునేది.

నన్ను తనకు దగ్గర చేసింది ఒక రేకు డబ్బా. వాళ్ళ నాన్న నెలకోసారి వచ్చినప్పుడు ఆ డబ్బా నిండా ఎండు జొన్న రొట్టెలు తెచ్చేవారు. అప్పడంలా పలచగా ఒత్తి, కాల్చి, గాలికి ఆరబెట్టిన రొట్టెలు. నెలయినా చెడవు. పక్కనే గుడ్డ సంచిలో వేరుశనగ పొడి, ఎండుమిర్చీ వెల్లుల్లీ వేసి దంచింది. రాత్రి స్టడీ అవర్ అయ్యాక రొట్టె విరిచి, పొడి మీద రెండు చుక్కలు నూనె వేసి నా చేతిలో పెట్టేది. కోస్తాలో పుట్టిన నాకు జొన్న రొట్టె రుచి ఆ మంచం మీదే తెలిసింది. వాళ్ళమ్మ క్యాంపుకెళ్ళిన కొత్తలో పక్క ఊరి లింగాయతు ఇంటి ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుందట.

విజయవాడ నుంచి హొసపేటకు వెళ్ళే అమరావతి ఎక్స్‌ప్రెస్ క్యాంపుల వాళ్ళ రైలే. ఇప్పుడది నరసాపురం నుంచి హుబ్బళ్ళి దాకా నడుస్తోంది. శుక్రవారం సాయంత్రం బ్యాంకు నుంచి నేరుగా స్టేషనుకెళ్ళి ఎక్కాను. నా ఎదురు బెర్తులో భీమవరం పెద్దావిడ, సింధనూరు దగ్గర ఉన్న కూతురికి సంక్రాంతి సారె తీసుకెళుతోంది. బుట్టలో పూతరేకులు నలగకుండా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, ఆపైన గిద్దలూరు దాటి నల్లమల. తెల్లారగట్ల గుంతకల్లు. తోరణగల్లు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ దీపాలు కనిపిస్తే దిగడానికి సర్దుకున్నాను.

హొసపేటలో ఆటో మాట్లాడుకున్నాను. హైవే వంతెన మీదకు రాగానే అబ్బాయి బండి నెమ్మది చేసి, ఎడమ వైపు వేలు చూపించాడు. "హత్తొంబత్తు గేటు మేడం, అదే." పంతొమ్మిదో గేటన్నమాట. అంత దూరం నుంచి నాకు అన్నీ ఒకలాగే కనిపించాయి. రాతి గోడ మాత్రం కళ్ళు తిప్పుకోనివ్వలేదు. 1945లో ఒక పక్క నిజాం, ఇంకో పక్క మద్రాసు ప్రభుత్వం కలిసి మొదలుపెట్టిన డ్యాం, 1953లో నీళ్ళిచ్చింది. ఈ ఒక్క గోడ మీద రెండు రాష్ట్రాల్లో, కాదు ఇప్పుడు మూడు రాష్ట్రాల్లో, ఎన్ని లక్షల కుంపట్లు వెలుగుతున్నాయో తలుచుకుంటే ఆగస్టులో మా వాళ్ళు ఎందుకు నిద్రపోలేదో అర్థమయింది.

మునిరాబాదు, హులిగి దాటాక రోడ్డు సన్నబడింది. ఒక పక్క వరి మళ్ళు, ఇంకో పక్క గుండ్రాళ్ళ గుట్టలు. ఎవరో పనిగట్టుకుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలు. సాణాపురలో వీధి పొడుగునా స్కూటర్లు అద్దెకిచ్చే కొట్లు. ఒక ఇరుకు సందు చివర హాస్టలు. కింది అంతస్తులో డార్మిటరీలు, రెండంతస్తుల మంచాలు, తాళాల అరలు. పైన తాటాకు కప్పు కింద కేఫ్. చెప్పులు మెట్ల దగ్గర విడవాలి. కుర్చీలుండవు. నేలంతా పరుపులు, దిండ్లు, మోకాలెత్తు బల్లలు. మూడు వైపులా తెరిచే ఉంటుంది, ఎదురుగా పచ్చటి నారుమళ్ళు, వాటి వెనక గుట్టలు.

ఒక మూల ఇద్దరు విదేశీ అమ్మాయిలు దళసరి మడత పరుపుల్ని వీపుకు తగిలించుకుని బయల్దేరుతున్నారు. హంపి చుట్టుపక్కల బండలెక్కడానికి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారట. తాళ్ళు లేకుండా చేతులతో, వేళ్ళతో ఎక్కడమే ఆట. పడితే దెబ్బ తగలకుండా కింద ఆ పరుపు వేసుకుంటారు. ఇంకో మూల హైదరాబాదు కుర్రాళ్ళు లాప్‌టాప్‌లు ముందేసుకుని ఆఫీసు పని చేసుకుంటున్నారు.

వంటింటి కిటికీలోంచి తనే ముందు చూసింది. పిండి చేతులతోనే వచ్చి కౌగిలించుకుంది. ఒళ్ళు చేసింది, జుట్టు సగం తెల్లబడింది, కళ్ళజోడొచ్చింది. గొంతు మాత్రం ఆ పిల్లదే.

"అట్లా నిలబడతావేమే, రా లోపలికి. పొయ్యి మీద ఉంది."

వంటింట్లో స్టూలు మీద కూర్చోబెట్టింది. ఇనప మూకుడులో నూనె కాగుతోంది. ఉల్లిపాయ, వెల్లుల్లి, జీలకర్ర పొడి. తర్వాత మెత్తగా పండిన టమాటాలు చేత్తో చిదిమి వేసింది. డబ్బాలోంచి ఎర్రటి కారం. "ఇది బ్యాడగి మిరప. రంగుంటది, మంట ఉండదు. గుంటూరు కారం వేస్తే ఈ పిల్లలు చచ్చిపోతారు" అంది. టమాటా గుజ్జు నూనె తేలేదాకా మగ్గాక గరిటెతో గుంటలు చేసి, ఒక్కో గుంటలో ఒక్కో కోడిగుడ్డు కొట్టి మూత పెట్టింది. తెల్లసొన బిగుసుకుని పచ్చసొన ఇంకా కదులుతుండగా దించి, కొత్తిమీర చల్లి, మూకుడుతోనే బల్ల మీదకు పంపింది. పక్కన రెండు పీటా రొట్టెలు. షక్షుకా అంటారట.

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. నదికి ఇవతల విరూపాపుర గడ్డె అనే లంకలో ఒకప్పుడు గెస్ట్‌హౌస్‌లు, కేఫ్‌లు వరుసగా ఉండేవి. ఇజ్రాయెల్ కుర్రకారు నెలల తరబడి ఉండిపోయేవాళ్ళు. బోర్డులు కూడా వాళ్ళ లిపిలోనే. వారసత్వ ప్రాంతంలో అక్రమ కట్టడాలని సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో తేల్చేసింది. మార్చిలో కూల్చేశారు. ఆ వెంటనే కరోనా. పని పోయిన నేపాలీ వంటాయన ఒకాయన సాణాపుర వచ్చి ఈ హాస్టల్లో చేరాడు. అప్పటికే ఇక్కడికి కూరగాయలూ పాలూ వేస్తున్న నా స్నేహితురాలు ఆయన దగ్గర సాయంగా చేరి, నువ్వులు నూరడం, కాబూలీ శనగలు ఉడకబెట్టి మెదపడం, ఈ షక్షుకా అన్నీ నేర్చుకుంది. ఆయన ఊరెళ్ళిపోయాక వంటిల్లు తనే కాంట్రాక్టుకు తీసుకుంది. ఇప్పుడు తన కింద ముగ్గురు పనిచేస్తున్నారు.

"క్యాంపులో ఏమన్నారు?"

"ఏమంటారు. ఇరవై ఎకరాల రైతు కూతురు హోటల్లో గిన్నెలు తోముతోందన్నారు. నిరుడు రెండో పంటకి నీళ్ళివ్వలా. డ్యాం నిండనే లేదు. నేలలన్నీ నెర్రెలిచ్చి పడున్నయ్. మా ఆయన కోత మిషనుకి వాయిదాలు కట్టాలి. మిషనేమో కోతల్లేక షెడ్లో ఉంది. అప్పుడు వాయిదా కట్టింది ఈ మూకుడే" అంది. చెబుతూనే ఇంకో ఆర్డరుకు ఉల్లిపాయలు తరుగుతోంది. కత్తి ఆగలేదు.

ఆ మాట అంటున్నప్పుడు తన ముఖంలో ఎవరి మీదా కోపం లేదు. నాకు కోపం వచ్చింది. తన లెక్కలు చూసి నేను పాసైన మనిషిని. బాపట్ల వ్యవసాయ కళాశాలలో సీటు రావాలని ఆ రెండేళ్ళూ తను కన్న కల నాకు తెలుసు. ఎంసెట్‌లో మా గదిలో అందరికన్నా మంచి ర్యాంకు తనదే. కానీ ఇక్కడ రెండేళ్ళే చదివింది కాబట్టి నాన్ లోకల్. 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకు పోగా మిగిలిన 15 శాతంలో అందరితో పోటీ పడాలి. ఆ ర్యాంకు అక్కడ చాలలేదు. తనకన్నా వెనక ఉన్న అమ్మాయిలకు వచ్చింది. ఎక్కడ చేర్పించాలో తేల్చుకునేలోపే మేనమామ కొడుకుతో ముహూర్తం పెట్టారు. పెళ్ళికి నేను వెళ్ళాను. పీటల మీద తను నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

"గంగావతి బళ్ళో నన్ను 'ఆంధ్రా' అనేవాళ్ళు, తెలుసా" అంది ఉల్లిపాయలు మూకుట్లో వేస్తూ. "విజయవాడ వస్తే మీరు క్యాంపు అన్నారు."

ఇంతలో హైదరాబాదు కుర్రాళ్ళలో ఒకడు కిటికీ దగ్గరికొచ్చి ఇంగ్లీషులో ఏదో అడగబోయి, మా మాటలు విని ఆగిపోయాడు. "అక్కా, మీరు తెలుగా!" అన్నాడు. నాలుగు రోజుల నుంచి ఉంటున్నారట. ఆ వెంటనే ఇంకో ముగ్గురూ వచ్చారు. పప్పన్నం దొరుకుతుందా అని ఒకడు, ఆవకాయ ఉందా అని ఇంకొకడు. తను స్టీలు డబ్బా తీసి వాళ్ళ ముందు పెట్టింది. ఆవకాయ, వాళ్ళమ్మ పెట్టింది. నాకు మాత్రం అడగకుండానే పై అరలోంచి ఎండు జొన్న రొట్టె, వేరుశనగ పొడి దించింది. విరిస్తే అదే చప్పుడు. నేను తింటుంటే ఒక్క నిమిషం పనాపి చూసింది.

మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక వంటిల్లు మిగతావాళ్ళకు అప్పజెప్పి, స్కూటీ తీసింది. ఆనెగొంది మీదుగా గంగావతి. దారిలో అంజనాద్రి కొండ కింద బస్సులు, కొబ్బరికాయల కొట్లు, పైన తెల్లటి గుడి, దాదాపు 570 మెట్లు. హనుమంతుడు పుట్టిన కొండ ఇదేనని ఇక్కడివాళ్ళ నమ్మకం. తిరుమల అంజనాద్రే జన్మస్థలమని టీటీడీ 2021లో ప్రకటించింది. "నువ్వేమంటావే?" అని అడిగితే, బండి ఆపకుండానే కొండవైపు చూసి ఒక దండం పెట్టింది. "మొన్న ఆగస్టులో ఈయనకే మొక్కుకున్నా. మెట్లన్నీ ఎక్కి మొక్కు తీర్చా" అంది.

క్యాంపు చేరేసరికి పొద్దు వాలుతోంది. వెడల్పాటి వీధులు, రామాలయం, కొబ్బరిచెట్లు, అరుగుల మీద పెద్దవాళ్ళు. మా గుడివాడ వైపు ఏదో ఊళ్ళోకి వచ్చినట్టే ఉంది. బస్సుల మీద రాతలూ, కిరాణా కొట్టులో బేరాలూ కన్నడలో. అమ్మమ్మలు మనవళ్ళను తిట్టడం తెలుగులో.

వాళ్ళ నాన్నగారు అరుగు మీదే ఉన్నారు. ఎనభైకి దగ్గర పడ్డారు. "రామ్మా, గుడివాడ పిల్లా" అన్నారు. హాస్టలుకు డబ్బా మోసుకొచ్చిన మనిషి. నేను కాళ్ళకు దండం పెట్టాను.

"బాబాయ్, ఇక్కడికెట్లా వచ్చారు మీరు?" అని అడిగాను. చిన్నప్పుడెప్పుడూ అడగని మాట.

ఆయన చాలాసేపు చెప్పారు. వాళ్ళ నాన్న అక్కడి ఎకరం అమ్మితే ఇక్కడ ఐదారెకరాలు వచ్చాయట. నల్లరేగడి. తుమ్మచెట్లు, తేళ్ళు. అప్పటిదాకా ఇక్కడ వానకు జొన్న, పత్తి వేసేవాళ్ళు. ఎద్దులతో నేల చదును చేసి, గట్లు వేసి, వరికి మళ్ళు చెయ్యడానికే ఏళ్ళు పట్టింది. "హైదరాబాదు స్టేట్లో భూమి కొన్నామమ్మా. 56లో చూసుకుంటే మైసూరు స్టేట్లో ఉన్నాం. నాకప్పుడు పదేళ్ళు. ఎటూ పోకుండానే రాష్ట్రం మారిపోయింది." గంగావతి బియ్యం పేరు చెబితే బెంగళూరులో కళ్ళు మూసుకుని కొంటారని చెప్పేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయింది.

"తాతయ్యా, రెండో సగం కూడా చెప్పు" అంది లోపలి నుంచి వచ్చిన మనవరాలు.

పీయూసీ రెండో ఏడు చదువుతోంది. అమ్మ పోలికే, అదే సన్నటి మనిషి. నా పక్కన కూర్చుని తనే చెప్పింది. ఈ కాలువ వరి కోసం తవ్వింది కాదట. ఎక్కువ భాగం జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటలకని ప్లాను వేశారు, తక్కువ నీళ్ళతో ఎక్కువ ఊళ్ళకు అందాలని. పై ఊళ్ళవాళ్ళందరూ వరికి దిగడంతో చివర ఉన్న మాన్వి, రాయచూరు వైపు పొలాలకు నీళ్ళు అందడం కష్టమైంది. దానికి తోడు పూడిక. మొదట 133 టీఎంసీలు పట్టిన డ్యాంలో ఇప్పుడు 105 టీఎంసీలే పడతాయి. "మా క్లాసులో మాన్వి అమ్మాయి ఉంది పిన్నీ. కాలువ వాళ్ళ ఊరి దాకా ఉంది. నీళ్ళే లేవు" అంది.

"చదును చేసింది మేము. తేళ్ళు కుట్టించుకుంది మేము" అన్నారు బాబాయ్.

"ఎవరు కాదన్నారు తాతయ్యా?"

ఆయన చేతుల్లోని కాయలు నేను చూస్తూనే ఉన్నాను. అయినా నా మనసు ఆ పిల్ల వైపే మొగ్గింది. మా కృష్ణా డెల్టాలోనూ కాలువ మొదట ఉన్నవాడికి మడి నిండా నీళ్ళు, చివర ఉన్నవాడికి ఎదురుచూపులు. చిన్నప్పుడు కాలువ చివరన మా పొలానికి వంతు నీళ్ళ కోసం మా నాన్న రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని గట్టు మీద కాపలా కాసిన సంగతి నాకు తెలుసు. ఈ ఇంట్లో పుట్టిన పిల్ల చివరి మడి గురించి ఆలోచించడం ఎంత పెద్ద విషయమో పైన ఉన్నవాళ్ళకు తెలియకపోవచ్చు.

రాత్రి భోజనాలయ్యాక డాబా మీద మంచాలు వేసుకున్నాం. తన భర్త కోత మిషనుతో రాయచూరు వైపు వెళ్ళాడు, ఇంకో వారం రాడట. దుప్పటి కప్పుకుని తను అసలు సంగతి చెప్పింది. కూతురిని ఇంటర్‌కే విజయవాడ పంపమని ఇంట్లో అందరూ పట్టుబట్టారట. సంబంధాలకు బాగుంటుంది, మన వాళ్ళ మధ్య ఉంటుంది అని. తనొక్కతే ఒప్పుకోలేదు.

"ఎందుకే? మంచి కాలేజీలేగా" అన్నాను.

"మంచియ్యే. నేను చదవలా? కానీ అక్కడ చదివితే అక్కడా కాదు, ఇక్కడా కాదు. నా ర్యాంకు కాగితం ఇంకా బీరువాలో ఉంది. ఇది ఒకటో క్లాసు నుంచీ ఇక్కడే చదివింది. రాయచూరు అగ్రికల్చర్ యూనివర్సిటీకి ఇది లోకల్. ఏ ఆఫీసులో కాగితం చూపించినా లోకల్." ఆ మాట రెండుసార్లు అంది. "మొన్న ఏప్రిల్లో నాన్నతో చెప్పేశా, దీని పెళ్ళి మాట డిగ్రీ అయ్యేదాకా ఎవరూ ఎత్తొద్దని. మూకుడు సంపాదన నాదే కాబట్టి ఎవరూ నోరెత్తలా."

నేను తన చెయ్యి పట్టుకున్నాను. అరచేతిలో నూనె చిట్లిన మచ్చలు. హాస్టల్లో లైటు తీసేశాక ఎట్లా మాట్లాడుకునేవాళ్ళమో అట్లాగే మాట్లాడుకున్నాం. ఎవరు పోయారు, ఎవరు అమెరికా వెళ్ళారు, మా వార్డెన్ ఏమయింది, ఆ చివరి మంచం కింద దాచిన డబ్బాను ఎలకలు కొట్టేసిన రోజు. ఇన్నేళ్ళ తర్వాత ఏం మాట్లాడుకుంటామోనని రైల్లో నేను పడ్డ బెంగ ఎటుపోయిందో తెలియదు.

పొద్దున్నే పొలానికి తీసుకెళ్ళారు. బాబాయ్ చేతికర్రతో ముందు, మనవరాలు ఆయన వెనక, మేమిద్దరం వాళ్ళ వెనక. రెండో పంటకు కాలువ వదిలారు. దమ్ము చేసిన మళ్ళల్లో నీళ్ళు నిలిచున్నాయి. కొన్నిటిలో ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తున్నారు. వాళ్ళ పాట కన్నడలో. నా స్నేహితురాలు గట్టు దిగి, వాళ్ళ దగ్గర ఒక కట్ట నారు తీసుకుని, రెండు వరుసలు నాటి వచ్చింది. చీర కుచ్చిళ్ళు బురదయ్యాయి. నాట్లు వేసే పెద్దామె ఏదో అంటే ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

"ఇదిగో పిన్నీ, ఈ చెక్కలోనే" అని ఆ పిల్ల రోడ్డు పక్కనున్న మడి చూపించింది. నారు పోయకుండా, దమ్ము చెయ్యకుండా, పొడి దుక్కిలో గొర్రుతో నేరుగా వరి విత్తనం వేసే పద్ధతి ఒకటుందట. రాయచూరు యూనివర్సిటీ వాళ్ళు చెబుతున్నారు. కాలువ చివరి ఊళ్ళల్లో కొందరు చేస్తున్నారు కూడా. నిలవ నీళ్ళు అక్కర్లేదు, నాట్ల కూలీ మిగులుతుంది. కలుపు మాత్రం విపరీతంగా వస్తుంది, దాన్ని అదుపు చెయ్యడంలోనే ఉంది కిటుకంతా. వచ్చే జూన్‌లో తాతయ్య తనకొక ఎకరం ఇస్తానన్నాడట, చేసి చూపించడానికి.

"అరెకరం అన్నాను" అన్నారు బాబాయ్, వెనక్కి తిరగకుండా.

"ఎకరం అన్నావు. అమ్మ కూడా విన్నది."

"విన్నా" అంది నా స్నేహితురాలు, కుచ్చిళ్ళు పిండుకుంటూ.

ఆయన చేతికర్ర గట్టు మీద ఆనించి నిలబడ్డారు. "గొర్రుతో జొన్న విత్తుతారు గానీ వరి విత్తుతారా" అన్నారు నన్ను చూసి. నేను ఏమీ అనలేదు. హొసపేట నుంచి తిరుగు రైలు అందుకోవాలి, రోడ్డు మీద ఆటో వచ్చి ఆగి ఉంది. డ్రైవరు హారన్ కొట్టాడు.

"సరే, ఎకరమే" అన్నారు చివరికి. "కానీ ఈ రోడ్డు పక్కది కాదు. వెనకాల తాటిచెట్ల దగ్గరది తీసుకో. పండకపోతే వచ్చేపోయే వాళ్ళంతా చూస్తారు."

"పండితే చూడొద్దా? నాకు రోడ్డు పక్కదే కావాలి" అంది మనవరాలు. నా సంచి తనే భుజానికెత్తుకుని, ఆటో వైపు నడుస్తూ కూడా ఆ మాట మీదే ఉంది.